కొలతకిచ్చిన పిస్తోలు

మనిషి నడుముకు ఏం కట్టుకుంటాడో చూస్తే దేన్ని నమ్ముకుని బతుకుతున్నాడో తెలిసిపోతుంది. వెనకటి బంట్లు దట్టీ బిగించి అందులో పిడిబాకు దోపుకునేవారు. వర్తకులు డబ్బు సంచి మొలకు చుట్టుకుని దాని మీదే నిద్రపోయేవారు. ఇంట్లో పెత్తనం అత్తదో కోడలిదో తేలాలంటే తాళాల గుత్తి ఎవరి బొడ్లో ఉందో చూస్తే సరిపోయేది. నెలల బిడ్డకు మొలతాడు కట్టే తల్లి కూడా ఆ నల్లదారాన్ని ఏదో నమ్మే కడుతుంది. ఏం నమ్మావమ్మా అంటే మాత్రం చెప్పలేదు.

మిస్సోరీ దక్షిణాన, ఓజార్క్ కొండల మధ్య మార్బుల్ ఫోర్క్ అనే ఊళ్లో మగవాళ్లు, ఆడవాళ్లలో కూడా చాలామంది, నడుముకు పిస్తోలు పెట్టుకుంటారు. చొక్కా బయటికి వదిలి, దాని కింద. అది ఉందని అందరికీ తెలుసు, కానీ కనబడకూడదు. కనబడితే భయమని కాదు, మర్యాద తక్కువ. నలుగురిలోకి బొత్తాలు పెట్టుకోకుండా వచ్చినట్టు. ఆ ఊరి బాప్టిస్టు చర్చిలో ఒక ఆదివారం కానుకల పళ్లెం అందించడానికి వంగిన ఒక పెద్దాయనకి, మెత్తటి బెల్టు పెట్టుకున్న పాపానికి, పిస్తోలు ప్యాంటు కాల్లోంచి జారి బల్ల కింద ఠంగుమంది. పాస్టరు ప్రార్థన ఆపలేదు. ఒక్కరూ తల తిప్పలేదు. కానీ పోయేదాకా ఆయన్ని ఊరంతా 'బ్రదర్ ఠంగ్' అనే పిలిచింది.

కాబట్టి అక్కడ బెల్టు ఎంచుకోవడం చిన్న సంగతి కాదు. బట్టల దుకాణంలో దొరికే బెల్టు ప్యాంటును మోస్తుంది గానీ పిస్తోలును మోయలేదు. నెలతిరక్కుండా సాగుతుంది, పిడి బయటికి ఒరుగుతుంది, చొక్కా కింద బుడిపె లేస్తుంది, పెట్టుకున్నవాడు రోజంతా ప్యాంటు ఎగలాక్కుంటూ తిరుగుతాడు. ఈ బాధ పడలేక జనం డెల్మర్ యోకమ్ కొట్టుకు వస్తారు.

డెల్మర్ తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. గుర్రాలు పోయి ట్రక్కులు వచ్చాక బూట్ల మడమలు కొట్టాడు, బెల్టులు కుట్టాడు, ఒరలు కుట్టాడు. కొడుకూ అదే కొట్లో, అదే బల్ల ముందు, అదే పనిలో పడ్డాడు. అరిపాదాలు చదునుగా ఉన్నాయని పటాలం వాళ్లు వెనక్కి పంపేస్తే మూడు నెలలు సిగ్గుపడి ఇంట్లో కూర్చున్నాడు, తర్వాత ఓపల్‌ని చేసుకున్నాడు. పిల్లలు లేరు. ఇప్పుడు డెబ్భై దాటింది. ఎద్దు తోలు రెండు పొరలు అతికించి, అంచులు కుట్టి, మైనం పట్టించి అతను చేసే బెల్టును ఒక కొన పట్టుకుని చాపితే పలకలా నిలబడుతుంది. కొత్తలో కిర్రుకిర్రుమంటుంది. ఒకసారి నడుముకు అలవాటైతే పదిహేనేళ్లు తిరిగి చూసుకోనక్కర్లేదు.

ఆ కొట్టుకు ఇంకో పని కూడా ఉండేది. బోర్డు మీద రాయనిది. ఒర కుట్టాలన్నా బెల్టు సరిచూడాలన్నా పిస్తోలు తెచ్చి చూపించాల్సిందే గదా. అందువల్ల డెల్మర్ కొట్లోకి ఎవరైనా పిస్తోలుతో వచ్చి అది లేకుండా వెళ్లినా వీధిలో ఎవరికీ వింతగా తోచదు. తండ్రి కాలంలో, గొడ్లనూ పొలాన్నీ వేలంలో పోగొట్టుకున్న రైతు ఒకడు తన తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టి, "దీనికి కొలత తియ్యి, తొందరేం లేదు," అన్నాడట. తండ్రి అతని మొహం చూశాడు, ఇంకేం అడక్కుండా లోపలి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. చలికాలం గడిచాక ఆ రైతు వచ్చి, "కొలత అయిందా?" అన్నాడు. "అయింది," అని ఇచ్చేశాడు. అంతే. అక్కణ్నుంచి అది ఊరి వాడుక అయిపోయింది. పెళ్లాం పోయినవాడు, పని పోయినవాడు, తాగుడు మానేసి నిద్రపట్టనివాడు, చెప్పుకోలేనిదేదో లోపల తొలుస్తున్నవాడు, ఎవడైనా సరే, తన చేతిని తానే నమ్మలేని రోజు వస్తే డెల్మర్ దగ్గరికి వెళ్లి, "కొలతకి ఉంచు," అనేవాడు.

పక్క కౌంటీకి పోతే గంటలో ఇంకోటి కొనుక్కోవచ్చు, ఎవరికి తెలీదు? కానీ అంత దూరం బండి తోలుకుపోవాలి, తెలియని కుర్రాడితో మాట్లాడాలి, కాగితం మీద సంతకం పెట్టాలి. ఈ లోపల ఎక్కడో ఒకచోట మనసు మళ్లవచ్చు. కావలసింది ఆ కాస్త దూరమే.

వాడుక నిలబడింది ఒక్క కట్టుబాటు మీద. అడిగితే ఇచ్చెయ్యాలి. ఎందుకు అనకూడదు, ఇంకొన్నాళ్లు అనకూడదు. "ఇవ్వడేమో అన్న అనుమానం పుట్టిందంటే ఇక ఎవడూ తేడురా," అని తండ్రి చెప్పాడు. డెల్మర్ నలభై ఏళ్లు దాన్ని తప్పలేదు.

హోబర్ట్ ప్రూయిట్ విషయంలో తప్పాడు.

హోబర్ట్, డెల్మర్ ఒకే బళ్లో ఒకే బల్ల మీద కూర్చుని ఒకే టీచరు చేత తన్నులు తిన్నవాళ్లు. హోబర్ట్ కరెంటు స్తంభాలెక్కే పని చేసి రిటైరయ్యాడు. మంచుతుఫానుల్లో ఊరంతా దుప్పట్లు కప్పుకుంటే అతను స్తంభం మీద ఉండేవాడు. కింద అతని భార్య నాడీన్ ట్రక్కులో కూర్చుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, పైకి చూస్తూ తిట్టేది. ఆ నాడీన్‌కి కడుపులో గడ్డ అని క్రిస్మస్‌కి తెలిసింది. వసంతం వచ్చి కొండల మీద డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూసే వేళకి ఆమె లేదు. సమాధి చేసిన మర్నాడే హోబర్ట్ కొట్టుకు వచ్చి పిస్తోలు బల్ల మీద పెట్టి, "కొలతకి ఉంచు," అన్నాడు. డెల్మర్ ఉంచాడు.

వేసవంతా హోబర్ట్ ఊళ్లో కనబడలేదు. ఓపల్ ఉడికించిన చిక్కుడుగింజలు, పందిమాంసం, మొక్కజొన్న రొట్టె గిన్నెల్లో సర్ది ఇస్తే డెల్మర్ తీసుకెళ్లి అతని వసారాలో పెట్టి వచ్చేవాడు. తర్వాతి వారం వెళ్తే పాత గిన్నె ఖాళీగా అక్కడే ఉండేది. తిన్నది హోబర్ట్ కాదు, రాత్రుళ్లు అడవిలోంచి వచ్చే రకూన్లు.

అలాంటిది, సెప్టెంబరు చివర్లో ఒక పొద్దుట కొట్టు తలుపు గంట మోగింది. హోబర్ట్. గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"ఏరా ముసలోడా, ఇంకా తోలు పీకుతూనే ఉన్నావా?"

"నీ తోలు ఎప్పుడు చేతికొస్తుందా అని చూస్తున్నా. రా, కూచో."

"కూచోను. బెల్టు కావాలి."

డెల్మర్ చేతిలోంచి తోలు కుట్టే ఆరె కిందపడింది. బెల్టు! అతను ఆ మాట నమ్మలేకపోయాడు. పదిహేనేళ్లు మన్నే వస్తువు కొనుక్కోడానికి వచ్చిన మనిషికి కనీసం ఓ నాలుగేళ్లయినా బతుకు మీద ఆశ ఉన్నట్టే గదా అనుకున్నాడు. ఆ ఊళ్లో ఎవరైనా అలాగే అనుకుంటారు.

"ఓపల్! కాఫీ పెట్టు! ఎవరొచ్చారో చూడు!"

ఓపల్ లోపలి గది గుమ్మంలోకి వచ్చింది. "ఓహో, దారి గుర్తొచ్చిందా మహానుభావుడికి? నా గిన్నెలన్నీ మీ వసారాలోనే పడున్నాయి. వాటికన్నా కాళ్లొచ్చి నడిచొస్తాయనుకున్నా గానీ నువ్వొస్తావనుకోలా."

"తెస్తాలే ఓపల్."

"ఆ, తెస్తావు. కడిగి తే."

ఆమె కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

బెల్టులు గోడ మీద మేకులకు వేలాడుతున్నాయి. డెల్మర్ పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఎందుకంటే హోబర్ట్ బెల్టు కొనడమనేది చూసి తీరాల్సిన తమాషా. ఆ కౌంటీలో సగం మందికి బెల్టు ఎట్టా ఎంచుకోవాలో నేర్పినవాడు అతనే. దాణా కొట్లో వరసలో నిలబడి ముందున్న పరాయివాడి నడుము చూసి, "బాబూ, నువ్వు పెట్టుకున్నది బెల్టా, ఆవు తోకా?" అనేవాడు. బెల్టు చేతికిస్తే ముందు కొన పట్టుకుని చాపి కిందికి వాలుతుందేమో చూసేవాడు. అడ్డంగా మెలితిప్పేవాడు. కుట్టు గోరుతో గీకేవాడు. పిస్తోలుతో సహా బిగించుకుని కుర్చీలో కూచుని, వంగి, లేచి, వీధిలోకి పోయి ట్రక్కెక్కి దిగి, తిరిగొచ్చి, "ఇది కాదు," అనేవాడు. గోడ మీదున్నవన్నీ అయ్యాక మొదట చూసిందే పట్టుకుపోయేవాడు. ఇక కొలత సంగతైతే అతనికి వేదం. ప్యాంటు సైజు బెల్టు కొనకూడదు, రెండంగుళాలు ఎక్కువ తీసుకోవాలి. లోపల పిస్తోలు కూడా ఉంటుంది గదా. "ఇద్దరు పడుకునే మంచం ఒక్కడికి కొలిచి చేయిస్తార్రా ఎవడన్నా?" అని అరిచేవాడు. ఆ మాట ఊళ్లో పిల్లలకు కూడా నోటికి వచ్చు.

ఆ హోబర్ట్ గోడ వైపు చెయ్యి చూపించి, "అదివ్వు," అన్నాడు.

"ఏది?"

"అదే. గోధుమరంగుది."

"చూడవా?"

"చూశాగా."

డెల్మర్ మేకు మీంచి తీసిచ్చాడు. హోబర్ట్ దాన్ని చాపలేదు, మెలితిప్పలేదు. ఊరికే చేత్తో పట్టుకున్నాడు, ఎవరిదో వస్తువు కాసేపు పట్టుకోమంటే పట్టుకున్నట్టు.

"సైజెంత కావాలి?"

"ముప్పై నాలుగు."

చిక్కిపోయి కొత్త ప్యాంటు కొనుక్కున్నట్టున్నాడు. నడుం వెనక తోలు చీటీ ఇంకా కొత్తగా ఉంది. ముప్పై నాలుగని దాని మీదే ఉంది.

"ముప్పయ్యారు గదరా," అన్నాడు డెల్మర్ మెల్లిగా. "దానితో కలిపి."

"ముప్పై నాలుగు చాలు."

పెట్టుకున్నాడు. సరిగ్గా మధ్య బెజ్జంలో పడింది. ఖాళీ నడుముకు అంత చక్కగా పట్టిన బెల్టును డెల్మర్ ఎప్పుడూ చూడలేదు. లోపల పిస్తోలు దోపితే బెల్టు కొస బకిలు దాకా అందడమే కష్టం.

"బాగుంది," అన్నాడు హోబర్ట్. జేబులోంచి నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు తల ఎత్తకుండానే అడిగాడు. "కొలత అయిందా?"

డెల్మర్ నడుముకు కట్టుకున్న తోలు గుడ్డ జేబులో ఇనప్పెట్టె తాళంచెవి ఉంది. అతని చెయ్యి అలవాటుగా దాని దగ్గరికి పోయింది. అక్కడే ఆగిపోయింది. ఈ బెల్టు పెట్టుకోవడానికి కొన్నది కాదు. పెట్టుకునే ఉద్దేశమున్న హోబర్ట్ ప్రూయిట్ ఈ పాటికి వీధిలో ట్రక్కు ఎక్కి దిగుతూ తిడుతుండాలి. ఇనప్పెట్టెలో ఉన్నదాన్ని తిరిగి అడగడానికి దొరికిన సాకు ఇది.

"అవలేదు," అన్నాడు.

"ఏవన్నావ్?"

"ఇంకా అవలేదురా. ఇంకొన్నాళ్లుండనీ."

కాఫీ గ్లాసులతో వచ్చిన ఓపల్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను అడుగుతున్నా డెల్మర్."

"వింటున్నా."

"మీ నాన్నయితే ఇచ్చేవాడు."

"మా నాన్న నీ పక్కన బల్ల మీద కూచుని తన్నులు తిన్లేదు." డెల్మర్ అతని నడుం వైపు చూపించాడు. "ఆ బెల్టు దానికి పట్టదురా. నీకు నేను చెప్పాలా? మంచం ఒక్కడికే కొలిపించుకున్నావు."

హోబర్ట్ తల వంచి తన నడుము వైపు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. దొరికిపోయినవాడి చూపా అది, పరధ్యానంలో పొరపాటు చేసి ఇప్పుడే గమనించినవాడి చూపా? ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా డెల్మర్‌కి తేలలేదు.

"తగ్గిపోతున్నారా నేను," అన్నాడు హోబర్ట్. "నాడీన్ పోయినప్పుడు ముప్పై ఎనిమిది వేసేవాణ్ని. ఇట్టాగే పోతే క్రిస్మస్‌కి ఇదే వదులవుద్ది. అందుకని చిన్నది తీసుకున్నా. అంతే."

అందులో అబద్ధమేం లేదు. అలా కొనుక్కునేవాళ్లూ ఉంటారు. డెల్మర్ తాళంచెవి పట్టుకుని, వదిలేసి, "అయితే క్రిస్మస్‌కి రా. ఇస్తా," అన్నాడు.

పరాచికంలా వినపడాలని అన్న మాట. అలా వినపడలేదు.

"ఒక్కసారే అడుగుతాను నేను," అన్నాడు హోబర్ట్. "అడిగాను. గుర్తుపెట్టుకో." తలుపు గంట మోగింది. కొత్త తోలు కిర్రుమంటూ వీధి దాటిపోయింది.

"మంచి పని చేశావో పాడుపని చేశావో నాకు తెలీట్లా," అంది ఓపల్. కాఫీ ఇద్దరూ తాగలేదు.

హోబర్ట్ షెరీఫ్ దగ్గరికి వెళ్లలేదు. వెళ్తే న్యాయం అతనిదే. ఒకరి సొత్తు ఇంకొకరు పెట్టెలో పెట్టుకుని ఇవ్వననడానికి ఏ కోర్టూ ఒప్పుకోదు. అతను చేసింది వేరే. ఆ రోజు నుంచి చొక్కా ప్యాంటులోకి దోపుకోవడం మొదలుపెట్టాడు. ఆ వయసు మగవాడు చొక్కా దోపుకుని కనబడేది ఆ ఊళ్లో శవపేటికలో మాత్రమే. హోటల్లో కాఫీకి, చర్చిలో బుధవారం రాత్రి భోజనాలకి, పోస్టాఫీసుకి, హోబర్ట్ చొక్కా బిగించి దోపుకుని, చుట్టూ ఆ గోధుమరంగు బెల్టుతో, ఏమీ లేని నడుముతో తిరిగాడు. ఎవరైనా అడిగితే, "డెల్మర్ దగ్గరుంది. అడిగా. ఇవ్వనన్నాడు," అనేవాడు. కోపం లేకుండా, ఇవాళ మబ్బుగా ఉందన్నట్టు.

అది చాలింది. ఒక్కొక్కరే వచ్చారు. పాల డెయిరీ పోగొట్టుకుని, కళ్ల కింద నలుపు ఇంకా వదలని ఒకతను వచ్చి నవ్వు మొహం పెట్టి, "కొలత అయిందా డెల్మర్?" అన్నాడు. ఇవ్వకూడని మనిషి. డెల్మర్‌కి తెలుస్తూనే ఉంది. "అయింది," అని ఇచ్చాడు. ఒకరిని కాదన్నవాడికి ఇంకొకరిని కాదనే మొహం ఎక్కడుంటుంది? ఇంకొకడు తన తమ్ముడిని పంపాడు. తాను రావడానికి కూడా నమ్మకం లేక. చలి మొదలయ్యేసరికి ఇనప్పెట్టెలో మిగిలింది హోబర్ట్‌ది ఒక్కటే. కొత్తవి రావడం మానేశాయి. బెల్టులు కొనడానికి మాత్రం జనం ఎప్పట్లాగే వచ్చారు. కొలత చూస్తానంటే పిస్తోలు చేతికివ్వకుండా, తమ నడుమున ఉంచుకునే, "అక్కణ్నుంచే చూడు," అన్నారు.

డెల్మర్‌కి నిద్ర దూరమైంది. నవంబరులో ఒక రోజు పెట్టె తెరిచి, ఆ పిస్తోలు గుడ్డలో చుట్టుకుని హోబర్ట్ ఇంటికి వెళ్లాడు. హోబర్ట్ వసారాలో కూర్చుని నల్ల వాల్‌నట్ కాయలు సుత్తితో కొట్టి గింజలు తీస్తున్నాడు. తొక్కల రంగు అంటి చేతులు మోచేతుల దాకా నల్లబడి ఉన్నాయి. పక్కన ఓపల్ గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

"ఏంటది?"

"నీదే. కొలత అయింది."

"నేనడగలేదే."

"అడిగావురా."

"అప్పుడడిగా. ఇప్పుడడగట్లా." సుత్తి దెబ్బ పడింది. పెంకు ఎగిరి డెల్మర్ బూటు మీద పడింది.

"తప్పయింది. తీసుకో."

హోబర్ట్ సుత్తి పక్కన పెట్టాడు. "నన్ను బతికించాననుకుంటున్నావు గదా?"

డెల్మర్ బూటు మీది పెంకు దులుపుకున్నాడు.

"అనుకో. బతికే ఉన్నా. పొద్దున్నే లేస్తున్నా, కాయలు కొడుతున్నా. రోజూ ఒకటే ఆలోచన. ఆ రోజు నేను బెల్టు కోసం వచ్చానా, దానికోసం వచ్చానా? నాకే తెలీట్లేదురా. బెల్టు కోసమేననుకుని బయల్దేరా. నువ్వట్టా అన్నాక కాదేమో, దానికోసమేనేమో అనిపిస్తోంది. నాడీన్ పోయాక నాకు మిగిలింది ఒక్కటే, నా మనసు నాకు తెలుసన్న ధైర్యం. అది కూడా నీ పెట్టెలో పెట్టుకున్నావు."

"హోబర్ట్..."

"ఆ గిన్నెలు పట్టుకుపో. ఓపల్ అడుగుద్ది."

డెల్మర్ ఒక చేత్తో గిన్నెలు, ఒక చేత్తో గుడ్డ మూట పట్టుకుని ట్రక్కు దగ్గరికి నడిచాడు. వెనకనుంచి సుత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. హోబర్ట్ అతనితో మాట్లాడిన చివరి మాటలు గిన్నెల గురించే. ఆ తర్వాత చర్చిలో ఎదురుపడినా, స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకుని వెళ్లిపోయేవాడు. బతికి ఉన్నాడు, నిజమే. పొద్దున పొగగొట్టంలోంచి పొగ రావడం డెల్మర్ రోజూ దూరం నుంచి చూసుకునేవాడు. అంతకు మించి అతనికి దక్కింది లేదు. ఆ పొగ తన వల్ల వస్తోందో, తాను లేకపోయినా వచ్చేదో చెప్పేవాళ్లు లోకంలో లేరు.

ఫిబ్రవరిలో, రోడ్లన్నీ మంచుకు మూసుకుపోయిన వారం, లైల్ క్రాబ్‌ట్రీ తన పిస్తోలుతోనే ప్రాణం తీసుకున్నాడు. లైల్ స్కూలు బస్సు నడిపేవాడు. మూర్ఛ ఒకసారి వచ్చిందని బస్సు నడిపే లైసెన్సు తీసేసుకున్నారు. బడి పిల్లలందరికీ అతను తెలుసు. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి యంత్రం తెప్పించాల్సి వచ్చింది. పేటిక మోసినవాళ్లలో డెల్మర్ ఉన్నాడు. అటు పక్క హోబర్ట్ ఉన్నాడు. ఇద్దరూ సమంగా అడుగులు వేశారు, ఒకరినొకరు చూసుకోలేదు.

మంచు కరిగాక ఒక మధ్యాహ్నం లైల్ భార్య డార్లా కొట్టుకు వచ్చింది. చేతిలో మడిచిన కాగితం సంచి ఉంది.

"డెల్మర్ గారూ, తీరికేనా?"

"రామ్మా, కూచో."

ఆమె కూర్చోలేదు. సంచి బల్ల మీద పెట్టింది. అది పెట్టిన చప్పుడుకే లోపలేముందో డెల్మర్‌కి తెలిసింది.

"షెరీఫ్ ఆఫీసువాళ్లు తిరిగిచ్చారు. ఇంట్లో ఉంచుకోలేను. ఏట్లో పారేద్దామని వంతెన దాకా పోయా. ఎండాకాలం నీళ్లు తగ్గితే పిల్లల చేతిలో పడుద్దేమోనని వెనక్కొచ్చా."

"మంచిపని చేశావు."

"అక్టోబర్లో మీ దగ్గరికే తెద్దామనుకున్నాడండీ." ఆమె గోడ మీది బెల్టుల వైపు చూస్తూ చెప్పింది. "ట్రక్కులో పెట్టుకుని బయల్దేరాడు కూడా. మీ వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి తిప్పేశాడు. డెల్మర్ ఇప్పుడు తిరిగివ్వట్లేదంట డార్లా, ఒకసారి ఇచ్చామంటే బతికినంతకాలం పిచ్చోడి కిందే లెక్క అన్నాడు. నేనేమన్నానో తెలుసా? పోన్లే, వచ్చేశావుగా, చల్లారిపోతుంది తిందువు రా అన్నా." ఆమె పెదవులు బిగించింది. "ఆ రోజు చేపలు వేయించా."

డెల్మర్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"మిమ్మల్ని అనట్లేదు."

"అనమ్మా. అనాల్సిందే."

"అంటే ఏమొస్తది? హోబర్ట్ గారు బతికున్నారు గదా. ఆయన్నీ అనలేను. ఎవర్నని అనను?" ఆమె సంచిని అతని వైపు కొంచెం జరిపింది. చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు. "కొలతకి ఉంచండి."

"ఉంచుతా."

"ఒక్క మాట. నేనొచ్చి అడుగుతా. ఏదో ఒక రోజు వచ్చి అడుగుతా, నాకు తెలుసు. బాగానే ఉన్నట్టు కనబడతా. తల దువ్వుకుని, నవ్వుకుంటా వస్తా. ఇవ్వొద్దు."

పాల డెయిరీ అతనికి ఇచ్చాక, తమ్ముణ్ని పంపినవాడికి ఇచ్చాక, లైల్ పేటిక దించి చేతులు దులుపుకున్నాక, ఎవరు అడిగినా ఇక మారుమాట్లాడకుండా ఇచ్చెయ్యాలని డెల్మర్ ఒట్టు పెట్టుకుని ఉన్నాడు. తండ్రి చెప్పింది అదే. అది తప్పినందుకే ఈమె ఇలా నిలబడి ఉంది. అడిగితే ఇచ్చేస్తానమ్మా, అది ఇక్కడి కట్టుబాటు అని చెప్పడానికి నోరు తెరిచాడు. డార్లా అతని మొహంలోకే చూస్తోంది. చెయ్యి సంచి మీదే ఉంది. ఇప్పుడు ఆ మాట అంటే ఆమె దాన్ని తీసుకుని వెళ్లిపోతుంది.

"ఇవ్వను," అన్నాడు.

"ఏడ్చినా?"

"ఏడ్చినా ఇవ్వను."

"తిట్టినా? ఊళ్లో అందరికీ చెప్పినా?"

"చెప్పుకో."

ఆమె తల ఊపింది. చెయ్యి తీసింది. గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయి, అనకుండానే వెళ్లిపోయింది. ట్రక్కు కదిలిన చప్పుడు దూరమయ్యేదాకా డెల్మర్ నిలబడే ఉన్నాడు. తర్వాత ఇనప్పెట్టె తెరిచి, సంచి విప్పకుండానే లోపల పెట్టి, తాళం తిప్పాడు.

"ఎవరూ?" అంది ఓపల్ లోపల్నుంచి.

"డార్లా. లైల్ భార్య."

"కొలతకా?"

"ఊ."

"ఎప్పుడు రమ్మన్నావు?"

డెల్మర్ తాళంచెవి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు.

"వచ్చినా ఇవ్వనన్నాను," అన్నాడు.